పొద్దుటి మోకాలు

నవంబరు 3, సోమవారం

ఇది ఇవాళే ఎందుకు మొదలుపెట్టానంటే, ఇంట్లో నేనొక మాట అన్నాను, అందరూ నమ్మారు. ఆ మాట సరైనదో కాదో ఇవాళ మధ్యాహ్నం నుంచి నాకు తెలియడం లేదు. ఎవరితోనైనా అంటే మాట మార్చినట్టవుతుంది. అందుకని కాగితంతో అంటున్నాను.

అక్క కూతురు పిడుగుకి ఐదో ఏడు నడుస్తోంది. వేసవి చివర్నుంచి ఎడమ కాలు కాస్త ఈడుస్తోంది. ఎక్కడో పడిందేమో అనుకున్నాం. అది పడని రోజంటూ ఉంటే కదా. ఎంతకీ తగ్గకపోయేసరికి అక్క వీధి చివరి క్లినిక్‌కి తీసుకెళ్లింది. "పొద్దున లేవగానే కాళ్లు బిగుసుకుపోయినట్టు ఉంటాయా అమ్మా?" అని అక్కడి డాక్టరు అడిగాడట. "అయ్యో లేదండీ, లేచిందంటే మెట్ల మీద పరుగే" అందట అక్క. ఆయన రక్త పరీక్షలు రాశాడు. ఆ రక్తం నేను పనిచేసే ల్యాబుకే వచ్చింది. సూది గుచ్చింది నేనే, పరీక్ష చేసింది నేనే. కీళ్లవాతానికి చూసే ఫ్యాక్టరు నెగటివ్. ఒంట్లో వాపుంటే పెరిగే ఈఎస్ఆర్ కూడా హద్దులోనే ఉంది.

ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే చెప్పేశాను. "కీళ్లవాతం లేదు. రిపోర్టు శుభ్రంగా ఉంది."

బావ ఇస్త్రీపెట్టె నిలబెట్టి అందరి వైపూ చూశాడు. "విన్నారుగా? ఈ ఇంట్లో బడి మొహం పూర్తిగా చూసింది ఇదొక్కతే. డాక్టరమ్మ లేదందంటే లేదంతే."

బావ వాళ్లమ్మ, మా అత్తయ్య, మోకాళ్లు రుద్దుకుంటూ "కీళ్లవాతం నా సొత్తు. ఇంత చిన్నదానికి అందులో వాటా ఎందుకిస్తాను?" అంది. అందరం నవ్వాం. నాకు లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఇవాళ ల్యాబులో సీనియరక్క వేరే ఎవరో పిల్లాడి రిపోర్టు చూస్తూ, "ఈ ఫ్యాక్టరు పెద్దవాళ్లకి పనికొస్తుంది గానీ పిల్లలకి ఏం చెబుతుందే? కీళ్లవాతం ఉన్న పిల్లల్లో కూడా చాలామందికి నెగటివే వస్తుంది" అంది. అని, క్యారేజీ మూత పెట్టుకుని వెళ్లిపోయింది.

కానీ పిడుగు పరుగెడుతోంది కదా. పొద్దున బిగుసుకుపోవడం లేదు కదా. నేనన్నది సరైనదే.

నవంబరు 4, మంగళవారం

సాయంత్రం పిడుగు పిల్లిని తరిమింది. పిల్లే ఓడిపోయింది. ఇంక దీని గురించి రాయక్కర్లేదు.

నవంబరు 6, గురువారం

రాయక్కర్లేదన్నాను గానీ నిద్ర లేవగానే చెవులు కింది అంతస్తు మీదే ఉంటున్నాయి.

మా లాండ్రీ కింద, మేము పైన. నాన్న పోయాక బావే నడుపుతున్నాడు. హోటళ్ల దుప్పట్లు, దిండు గలీబులు, ఆస్పత్రి గౌన్లు, పెళ్లి సూట్లు. తెల్లవారకముందే బాయిలరు వెలిగిస్తాడు. మొదటి వాయి దుప్పట్లు ఇస్త్రీ అయి మడతలు పడగానే పైకొచ్చి, నిద్రలో ఉన్న పిడుగుని దుప్పటితో సహా ఎత్తుకుని కిందకి తీసుకెళ్లి ఆ వెచ్చని మడతల మీద పడుకోబెడతాడు. ఇది పిడుగుతో మొదలైంది కాదు. నాన్న నన్నూ అలాగే పడుకోబెట్టేవాడు, అక్కనీ అలాగే. లాండ్రీలో పుట్టిన పిల్లలకి అదే రెండో పడక. పిడుగు దాని మీద ఇంకో నిద్ర తీసి, ఆవిరిలో కళ్లు నులుముకుంటూ లేచి, మెట్ల మీద పరుగు తీస్తుంది. ఇవాళ కూడా తీసింది. నేను పైనుంచి చూశాను.

అక్క దాని పైజమాలు ఇస్త్రీ చేస్తూ విసుక్కుంది. "ఏమే, ఈ ఎడమ కాలు చూడు. మోకాలి దగ్గర ఎట్లా సాగిపోయిందో. ఎంత ఆవిరి పట్టినా లొంగట్లేదు."

"బట్ట నాసిరకం అయ్యుంటుంది."

"రెండు కాళ్లూ ఒక్క తానులోవే కదే."

బావ మధ్యలో వచ్చాడు. "మీ అక్కాచెల్లెళ్లు పైజమా మీద పరీక్ష రాస్తారా, హోటలు మూట కట్టేదేమన్నా ఉందా?" మూటకి గుడ్డచీటీ కుట్టలేదని నా వైపు చూశాడు. చీటీలు రాసేది చిన్నప్పటి నుంచీ నేనే: ఎవరిది, ఏ బట్ట, ఏ రోజుకి ఇవ్వాలి. బావ పుస్తకం చదవలేడు, చీటీ మాత్రం గడగడా చదువుతాడు. చీటీ మీద రాసిన రోజు దాటిపోయిందంటే ఆయనకి ఆ పూట అన్నం దిగదు. ఒకసారి జ్వరంతో ఉండి కూడా గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లి సూటు ఇచ్చి వచ్చాడు.

పైజమా మళ్లీ చూడలేదు.

నవంబరు 9, ఆదివారం

సీనియరక్క దగ్గర పిల్లల జబ్బుల పుస్తకం తెచ్చుకున్నాను. ఎవరైనా అడిగితే పరీక్షలకి చదువుకుంటున్నానని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు. నేను పుస్తకం పట్టుకుంటే ఈ ఇంట్లో అందరూ మెల్లగా నడుస్తారు.

పిల్లల కీళ్ల జబ్బు ఒకటి కాదట. చదువుతూ ఒక్కొక్కదానికీ పిడుగుని పక్కన నిలబెట్టి చూశాను.

గొంతునొప్పి వచ్చి తగ్గిన కొన్నాళ్లకి జ్వరం, ఇవాళ మోకాలు, రేపు చీలమండ, ఎల్లుండి మోచెయ్యి, ఇలా నొప్పి ఒక కీలు వదిలి ఇంకో కీలు పట్టుకుంటుందట. దాని అసలు గురి గుండె. పిడుగు నొప్పి ఎక్కడికీ వెళ్లలేదు. వేసవి నుంచి అద్దె కట్టినట్టు ఎడమ మోకాల్లోనే ఉంది.

ఇంకో రకంలో రోజూ ఒకే వేళకి జ్వరం కొండెక్కినట్టు ఎక్కి దిగిపోతుంది, జ్వరంతో పాటే ఒంటి మీద గులాబీ రంగు మచ్చలు వచ్చి మాయమవుతాయి. పిడుగుకి జ్వరం లేదు.

రెండు చేతుల వేళ్లూ మణికట్లూ వాచి చాలా కీళ్లకి పాకేది ఇంకోటి. పిడుగు గుండీలు తనే పెట్టుకుంటుంది, సీసా మూత తనే తీస్తుంది.

బుగ్గల మీద ఎర్రని మచ్చ, నీరసం, జుట్టు రాలడం. ఇవేవీ లేవు.

రాత్రుళ్లు నొప్పికి లేచి ఏడవడం, పాలిపోవడం, ఊరికే కమిలిపోవడం ఉంటే కీళ్ల గురించి కాదు, రక్తం గురించి భయపడాలట. ఇది చదివి పుస్తకం మూసేసి పైకెళ్లి చూశాను. బుగ్గలు పాలిపోలేదు, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

కొద్ది కీళ్లకే వచ్చే రకం. చిన్న ఆడపిల్లలకి ఎక్కువ. మోకాలో చీలమండో వాస్తుంది, అంత నొప్పి కూడా ఉండకపోవచ్చు, పిల్ల ఏడవదు కూడా. పొద్దున బిగుసుకుపోయి కుంటుతుంది, మధ్యాహ్నానికి ఆడుకుంటుంది. ఇది రెండుసార్లు చదివాను.

చివర్లో ఎదుగుదల నొప్పులు. సాయంత్రాలు, రెండు కాళ్లకీ, కాస్త పిసికితే తగ్గిపోతాయి, పొద్దున ఏమీ ఉండదు. ఇదే అయ్యుంటుంది అనుకున్నాను. కానీ పిడుగు సాయంత్రాలు పిల్లిని తరుముతుంది. నొప్పి ఒక కాలికే.

అయినా ఎదుగుదల నొప్పులే. పొద్దున బిగుసుకుపోవడం లేదు కాబట్టి.

నవంబరు 10, సోమవారం

పొద్దున బిగుసుకుపోవడం లేదు. అక్కని మళ్లీ అడిగాను.

నవంబరు 13, గురువారం

లేదు. అత్తయ్యని కూడా అడిగాను. "బిగుసుకోవడమంటే ఏంటో నన్నడుగు, దాన్నెందుకు అడుగుతావు?" అంది.

నవంబరు 16, ఆదివారం

బాయిలరు చెడిపోయింది.

నిన్న సాయంత్రమే పైపు ఎక్కడో చీలింది, రిపేరు చేసేవాడు రేపు గానీ రానన్నాడు. ఇవాళ లాండ్రీ మూత. బావ పుట్టి బుద్ధెరిగాక తెల్లారి పడుకుని ఉండటం ఇదే మొదటిసారేమో. ఇల్లంతా చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. దుప్పట్లు లేవు కాబట్టి పిడుగుని ఎవరూ కిందకి ఎత్తుకెళ్లలేదు.

నేను పళ్లు తోముకుంటుంటే నేల మీద ఏదో రాసుకుంటున్న చప్పుడు వచ్చింది. తిరిగి చూస్తే పిడుగు గడప దగ్గర కూర్చుని, పిర్రల మీద జరుగుతూ బాత్రూముకి వస్తోంది. ఎడమ మోకాలు వంగి అలాగే ఉంది, కుర్చీ కాలిలాగా.

"అదేం నడకే?"

"మోకాలు గడ్డకట్టింది పిన్నీ."

"ఎప్పట్నుంచి?"

దానికి నా ప్రశ్నే అర్థం కాలేదు. "రోజూ పొద్దున్నే గడ్డకడుతుంది. నాన్న బట్టల మీద వేస్తే కరిగిపోద్ది. ఇవాళ బట్టలు లేవుగా."

అక్క వచ్చి నిలబడింది. చేతిలో పాలగిన్నె. బావ మంచం మీదే లేచి కూర్చున్నాడు. పిడుగు "నాన్నా, నన్ను ఎండలో పెట్టు" అంది, ఆరేసే బట్ట గురించి చెప్పినట్టు. బావ ఎత్తుకెళ్లి కిటికీ దగ్గర ఎండపొడలో కూర్చోబెట్టాడు. చాలాసేపటికి గానీ ఆ కాలు చాచలేకపోయింది.

అక్క అబద్ధం చెప్పలేదు. డాక్టరు "లేవగానే" అన్నాడు. మా ఇంట్లో లేవడమంటే దుప్పట్ల మీద నుంచి లేవడమే. అంతకు ముందరి పొద్దు ఒకటుందని మాలో ఎవరికీ తట్టలేదు. నాన్న నేర్పిన ముద్దు ఇన్నాళ్లూ ఆ కాలుని దాచిపెట్టింది.

"చలికి పట్టేసుంటుందిలే" అన్నాడు బావ, నా వైపు చూడకుండా.

నవంబరు 17, సోమవారం

సెలవు పెట్టి, అక్కనీ పిడుగునీ తీసుకుని పెద్ద పిల్లల ఆస్పత్రికి వెళ్లాను. బావ "వెళ్లండి, చూపించుకుని రండి, నీ రిపోర్టే నిజమంటారు" అన్నాడు. బాయిలరు మనిషి కోసం ఆగిపోయాడు.

పిల్లల కీళ్లు చూసే డాక్టరమ్మ ముందు పిడుగుతో ఆడుకుంది. పిడికిలి బిగించు, వేళ్లతో బొటనవేలు ముట్టుకో, చేతులు ఆకాశానికి, మడమల మీద నడువు, గొంతుక్కూర్చో. గొంతుక్కూర్చోమన్నప్పుడు పిడుగు ఒక పక్కకి ఒరిగింది. అప్పుడు మంచం మీద పడుకోబెట్టి, అరచెయ్యి తిప్పి చేతి వెనక వైపుతో ఒక మోకాలూ ఇంకో మోకాలూ తాకి చూసింది. చీలమండలు చూసింది. చివరికి రెండు కాళ్లూ కొలిచింది.

"ఎడమ కాలు కొద్దిగా పొడుగైంది, గమనించారా? వాపున్న మోకాలికి రక్తం ఎక్కువ పారుతుంది, ఎముక తొందరపడి పెరుగుతుంది."

అక్క నన్ను చూసింది. పైజమా గుర్తొచ్చి ఉంటుంది.

"ఫ్యాక్టరు నెగటివ్ అండీ. టెస్టు నేనే చేశాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"టెస్టు సరిగ్గానే చేసుంటావమ్మా. నువ్వు చేసిన టెస్టు ఈ జబ్బుని కొట్టిపారేసేది కాదు, అంతే. దీన్ని పట్టించేది చెయ్యి, చూపు, మీరు చెప్పే పొద్దుటి సంగతులు. ఇన్ని నెలలు వాపుండి, గొంతునొప్పీ జ్వరమూ మచ్చలూ లేకుండా, ఒక మోకాలు, ఒక చీలమండ. ఇది కొద్ది కీళ్ల రకం. పిల్లల్లో మేం చూసేవాటిలో తరచుగా కనిపించేదీ, బాగా లొంగేదీ ఇదే."

చీలమండ కూడానట. మాకు తెలియదు.

అంతటితో అయిపోతుందనుకుని లేచాను. "ఆగండి, కళ్లు చూడాలి" అంది.

"కళ్లకేమీ లేదండీ. సూదిలో దారం అదే ఎక్కిస్తుంది నాయనమ్మకి" అంది అక్క.

"అందుకే చూడాలి. ఈ రకంలో కంటి లోపల వాపు రావచ్చు. ఎర్రబడదు, నొప్పుండదు, పిల్ల చెప్పదు. తెలిసేసరికి చూపు తగ్గి ఉంటుంది."

గడ్డం ఆనించి చూసే యంత్రం ముందు పిడుగుని నా ఒళ్లో కూర్చోబెట్టారు. కంటి డాక్టరు చాలాసేపు చూశాడు. ఎడమ కంట్లో వాపు ఇప్పుడిప్పుడే మొదలైందట. తొందరగా వచ్చారు అన్నాడు. చుక్కలు ఇచ్చాడు. పిడుగు కళ్లు ఎర్రజీర లేకుండా తేటగా ఉన్నాయి. యంత్రంలోంచి చూసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

మోకాల్లో మందు ఎక్కించాలి, మత్తిచ్చి, శుక్రవారం 28న. తర్వాత వారానికోసారి ఒక మందు, కంటి కోసం కూడా. అక్కతో పాటు బావ కూడా వచ్చి మాట్లాడి సంతకం చేయాలట. వచ్చే వారం బుధవారం, 26 సాయంత్రానికి చెప్పకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు, మళ్లీ ఎప్పుడో చెప్పలేమన్నారు.

వస్తుంటే డాక్టరమ్మ అక్కతో, "వెచ్చటి దుప్పట్లు మానకండి, అది మంచిదే. కానీ అంతకు ముందు పొద్దున్న ఎలా ఉందో నాకు చెప్పండి" అంది. అక్క అప్పుడు ఏడ్చింది.

నవంబరు 18, మంగళవారం

బావ ఒప్పుకోలేదు.

నిన్న కూడా ఒప్పుకోలేదు. ఇవాళ మళ్లీ అడిగాను.

"పరుగెత్తే పిల్లకి మత్తిచ్చి మోకాట్లో సూది దింపుతారా? రేపు లేవకపోతే?"

"బావా, అది పొద్దున నడవలేకపోతోంది, నువ్వు చూశావు."

"బాయిలరు బాగైంది. ఇవాళ దుప్పట్ల మీంచి లేచి పరుగెత్తింది. అది కూడా చూశాను."

"కన్ను..."

"కన్నుకి చుక్కలు వేస్తున్నాం కదా, వేద్దాం." ఇస్త్రీపెట్టె నీళ్లు చల్లిన బట్ట మీద చుయ్యిమంది. "నువ్వే కదే లేదన్నావు. నీ చేత్తో రక్తం తీశావు, నీ కళ్లతో చూశావు. వీధంతా చెప్పుకున్నాను, మా మరదలు చూసింది, పిల్లకేమీ లేదని. అప్పుడు నీ మాట విని ఊరుకున్నా. ఇప్పుడు నీ మాట విని సూది వేయించాలా? ఏది నమ్మమంటావో ముందు నువ్వు తేల్చుకో."

నవంబరు 19, బుధవారం

బావతో మాట్లాడలేదు. ల్యాబులో పని ఎక్కువ.

నవంబరు 20, గురువారం

పని ఎక్కువ.

చుక్కలు వేసేటప్పుడు పిడుగు "నా కన్ను ఏడవడం లేదుగా, నీళ్లెందుకు పోస్తావు?" అంటుంది.

నవంబరు 21, శుక్రవారం

పని ఎక్కువేమీ లేదు. భయం. బావ నన్ను నమ్మడం మానేస్తే ఈ ఇంట్లో నేనెవరిని? చదివించింది వాళ్లు. నా ఫీజుల కోసం అక్క రెండు వాయిలు ఎక్కువ ఇస్త్రీ చేసింది. వాళ్లు కొనుక్కున్నది నా మాటని. అది తప్పని ఎలా చెప్పను?

కానీ చెప్పకుండా ఉంటే దానికి ధర ఆ కన్ను.

నవంబరు 23, ఆదివారం

చెప్పాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, అత్తయ్య, అక్క, బావ ముగ్గురూ ఉండగా చెప్పాను. "నేను తప్పు చెప్పాను. పరీక్ష తప్పు కాదు, దానికి నేను చెప్పిన అర్థం తప్పు. నాకు పూర్తిగా తెలియని సంగతి తెలిసినట్టు చెప్పాను."

బావ కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు, అదే కష్టంగా ఉంది. మెల్లగా అడిగాడు. "మరి ఇప్పుడు చెప్పేది తప్పు కాదని ఎలా చెబుతావు?"

అత్తయ్య మోకాళ్లు రుద్దుకోవడం ఆపేసింది. పిడుగు చల్లటి గచ్చు మీద కాళ్లు చాపుకుని పిల్లికి జడ వేయడానికి చూస్తోంది. ఆదివారం పొద్దుటి వాయిలతోనే పని సరి, బాయిలరు చల్లారి ఉంది.

అప్పుడు డాక్టరమ్మ చెయ్యి గుర్తొచ్చింది. "బావా, నన్ను నమ్మకు. పట్టుబట్టకి ఇస్త్రీ పెట్టేముందు చేతి వెనక వైపుతో పెట్టె వేడి చూస్తావే, అలా చూడు. రెండు మోకాళ్లూ."

"దాంతో ఏం తెలుస్తుంది?"

"చూడు, అంతే."

బావ కిందికి కూర్చున్నాడు. ముందు కుడి మోకాలు. తర్వాత ఎడమ మోకాలు. మళ్లీ కుడి. పిడుగు కితకితలకి నవ్వి కాలు లాక్కుంది. "నాన్నా, కాలిందా?" అంది. అది ఇస్త్రీపెట్టె దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆయన అడిగే మాటే.

బావ మూడోసారి ఎడమ మోకాలి మీద చెయ్యి ఉంచి చాలాసేపు తీయలేదు. తర్వాత లేచి, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు లుంగీకి తుడుచుకుని కిందికి వెళ్లిపోయాడు. ఆదివారం. కింద చేయడానికి పనేమీ లేదు.

అత్తయ్య కాసేపటికి అంది. "నా మోకాళ్లు కూడా ఒకసారి చూడమనలేకపోయావా?" ఆమె నవ్వలేదు.

సాయంత్రం దాకా బావ పైకి రాలేదు. వచ్చి అన్నం తిన్నాడు. పిడుగుకి చుక్కలు ఇవాళ ఆయనే వేశాడు, ఒక చుక్క గురి తప్పి బుగ్గ మీద పడింది.

ఒప్పుకున్నట్టా? అడగలేకపోయాను. ఇంకోసారి నోటితో అంటే మళ్లీ నా మాటే అవుతుంది. ఈ ఇంట్లో నా మాట ఇప్పుడు ఎక్కువ బరువు మోయలేదు.

నవంబరు 24, సోమవారం

ఇంకా చీకటుండగానే లేచాను, బావ కంటే ముందు. ఒక గుడ్డచీటీ తీసుకుని, ఉతికినా పోని ఇంకుతో, ఆయనకి అలవాటైన పెద్ద అక్షరాలతో రాశాను. మూడు చీటీలు పాడుచేశాక నాలుగోది కుదిరింది. దాన్ని మొదటి వాయి దుప్పట్ల తర్వాత ఇస్త్రీకి వచ్చే మూటకి పిన్నుతో గుచ్చాను. పిడుగుని కింద పడుకోబెట్టాక ఆయన మొదట విప్పేది అదే. పెట్టి పైకొచ్చి ఇది రాస్తున్నాను. కింద బాయిలరు వెలిగిన చప్పుడు వినిపించింది. మెట్ల మీద అడుగులు కూడా వినిపించాయి. పిడుగుని ఎత్తుకోవడానికి వచ్చాడు. గడప దగ్గర ఆగి, దుప్పటి తొలగించి ముందు ఆ మోకాలు తాకి చూసి, అప్పుడు ఎత్తుకున్నాడు. నా వైపు చూడలేదు. చీటీ ఇంకా చూసి ఉండడు, కిందికి వెళ్లాక చూస్తాడు.

మర్చిపోకుండా ఇక్కడ కూడా దించుకుంటున్నాను:

ఎవరిది: పిడుగు. మనదే.
ఏది: ఎడమ మోకాలు, ఎడమ కన్ను. నాజూకు.
ఎప్పటికి: శుక్రవారం ఆస్పత్రి.
బావా, నువ్వు వస్తావో రావో బుధవారం, 26వ తేదీ, సాయంత్రం లోపల చెప్పు.